తెల్ల బుల్ టెర్రియర్ పిల్లను హైదరాబాద్ ఫ్లాట్‌లో పెంచడం: మీ ప్రశ్నలకు వివరంగా

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్, పదకొండు వారాల తెల్ల బుల్ టెర్రియర్ మగపిల్ల, ఇంట్లో ఆరేళ్ళ బాబు. పిలిస్తే పిల్ల ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి అసలు పట్టించుకోదు. తిండి ఎంత పెట్టాలి, మన ఎండలకు తట్టుకుంటుందా, బాబుతో ఉంచవచ్చా, బ్యాన్ చేసిన జాతి అని అసోసియేషన్ వాళ్ళు అంటున్నది నిజమేనా అని అడిగారు.

ఫ్లాట్‌లో పెంచవచ్చు. ఈ జాతి బలం చూసి జనం జంకుతారు గానీ, పెంచేవాళ్ళకు అసలు చిక్కు బలంతో రాదు. దీనికి నొప్పి ఓర్చుకునే గుణం చాలా ఎక్కువ. జ్వరం ఉన్నా, పేగులో ఏదైనా అడ్డుపడ్డా, కిడ్నీ దెబ్బతింటున్నా బంతి వేస్తే పరుగెత్తుతూనే ఉంటుంది. అందుకని ఈ కుక్క విషయంలో 'హుషారుగానే ఉందిగా' అన్న మాటను నమ్మకండి. థర్మామీటర్, తూకం, ల్యాబ్ రిపోర్టు, వీటిని నమ్మండి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చదవండి.

ముందు చెవుల సంగతి. పిలిస్తే ఒక్కోసారి రాదని మీరు చివర్లో మాటవరసకు రాశారు గానీ, అసలు వినపడుతోందా అన్నది అన్నిటికన్నా ముందు తేలాలి. బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హింక్స్ పాత బుల్ అండ్ టెర్రియర్ కుక్కలను తెల్ల ఇంగ్లిష్ టెర్రియర్‌తో, డాల్మేషియన్‌తో కలిపి ఈ జాతిని తయారుచేసి 1862లో ప్రదర్శనకు పెట్టాడు. ఆయన కోరుకున్నది పూర్తి తెల్ల కుక్క. ఆ తెలుపుతోనే చెవుడు కూడా వచ్చింది. లోపలి చెవిలో రంగు కణాలు ఉండాల్సిన చోట లేకపోతే అక్కడి రక్తప్రసారం దెబ్బతిని, పిల్లకు మూడు నాలుగు వారాల వయసులోనే వినికిడి నాడీకణాలు చనిపోతాయి. తెల్ల బుల్ టెర్రియర్లలో దాదాపు ఐదింట ఒకదానికి ఒక చెవో రెండు చెవులో వినపడవు. రంగు బుల్ టెర్రియర్లలో ఇది నూటికి ఒకటీ రెండుకు మించదు.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఉంది. పిల్ల గాఢంగా నిద్రపోతున్నప్పుడు, ఫ్యాన్ ఆపి, గది బయట గుమ్మం పక్కన నిలబడండి. కంటపడకూడదు, మీ గాలి తగలకూడదు. జేబులో పెట్టుకున్న కీచుబొమ్మను ఒక్కసారి నొక్కండి. వినపడే పిల్ల చెవి కదులుతుంది, లేదా కళ్ళు తెరుస్తుంది. స్టీలు గిన్నె కింద పడేసి, తలుపు దబాలున వేసి పరీక్షించకండి. టైల్స్ నేల మీద అదురు వస్తుంది, చెవిటి పిల్ల కూడా ఆ అదురుకి లేస్తుంది. 'మా పిల్లకు వినపడుతోంది' అని చాలామంది మోసపోయేది ఇక్కడే. రెండో పరీక్ష మెలకువలో చేయాలి. పిల్ల ఒక్కటే తిండి గిన్నెలో తల పెట్టి ఉండగా వెనక నుంచి, రెండు మూడు మీటర్ల దూరంలో, ఒకసారి ఎడమవైపు, ఇంకోసారి కుడివైపు కొత్త చప్పుడు చేయండి. ప్రతిసారీ తల ఎత్తి తప్పు వైపు వెతుకుతుంటే ఒక చెవి పనిచేయడం లేదని అనుమానించాలి. ఒక చెవి ఉన్న పిల్లకు చప్పుడు తెలుస్తుంది, దిక్కు తెలియదు. ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాకపోవడానికి అదీ కారణం కావచ్చు, పిల్లచేష్టే కావచ్చు. ఒకే చప్పుడును నాలుగైదు సార్లు వాడితే విని కూడా విసిగి వదిలేస్తుంది కాబట్టి చప్పుడు మారుస్తూ ఉండండి.

ఖాయంగా చెప్పేది బెయర్ పరీక్ష ఒక్కటే. పసిపిల్లలకు చేసే బెరా పరీక్ష లాంటిదే ఇది. తల మీద చర్మం కింద సన్నని సూదులు పెట్టి, ఒక్కో చెవిలో టిక్ టిక్ చప్పుడు పంపి, మెదడు స్పందనను గీతగా తీస్తారు. ఐదు వారాలు నిండిన పిల్లకు ఎప్పుడైనా చేయవచ్చు. ఎక్కడ చేస్తారో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. రిపోర్టులో ఒక చెవి లేదని వస్తే పెంపకంలో పెద్ద తేడా ఉండదు. దాని నుంచి పిల్లలు మాత్రం తీయకూడదు. రెండు చెవులూ లేవని వస్తే శిక్షణ అంతా చేతి సైగలతోనే. బొటనవేలు పైకెత్తితే శభాష్ అని అర్థం, వెంటనే తినే ముక్క ఇవ్వాలి. రాత్రి బాల్కనీ నుంచి పిలవాలంటే టార్చ్ రెండుసార్లు వెలిగించాలి. నిద్రలో ఉన్నప్పుడు మీద చెయ్యి వేయకుండా, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన తగలనిచ్చి, తర్వాత భుజం తాకి లేపాలి. ఈ చివరిది బాబుకు ముందే నేర్పాలి. ఉలిక్కిపడి లేచిన కుక్క ఎదురుగా ఉన్నది ఎవరో చూడకుండానే నోరు వేస్తుంది. రోడ్డు మీద లీష్ లేకుండా వదలడం చెవిటి కుక్కకు జీవితాంతం కుదరదు.

తర్వాత అమ్మినవాళ్ళను అడగాల్సినవి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఉంటే వంశం తెలుస్తుంది, ఆరోగ్యం తెలియదు. మీరు అడగాల్సింది తల్లిదండ్రుల మూత్రంలో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి, కడుపు స్కాన్, గుండె స్కాన్ రిపోర్టులు. ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బులు రెండున్నాయి. ఒకటి కిడ్నీ వడపోత పాడై మూత్రంలో ప్రొటీన్ పోయే హెరిడిటరీ నెఫ్రైటిస్, ఇంకోటి కిడ్నీల నిండా నీటితిత్తులు ఏర్పడే పాలిసిస్టిక్ కిడ్నీ. రెండూ తల్లిలోగానీ తండ్రిలోగానీ ఒక్కరిలో ఉన్నా పిల్లకు రావచ్చు. రిపోర్టులు లేవంటే మీరే చేయించుకోవాలి. ఏడాది నిండాక ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్, ఆ తర్వాత ఏటా పొద్దున్నే పోసే మొదటి మూత్రంతో ఆ నిష్పత్తి పరీక్ష. మామూలు కుక్కల్లో 0.5 దాటితే డాక్టర్లు ఆలోచిస్తారు. బుల్ టెర్రియర్లలో 0.3 దాటితేనే అనుమానించి మళ్ళీ చేయిస్తారు. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష ఒక్కటే చేయించి ఊరుకుంటే లాభం లేదు. గుండెలో మైట్రల్ కవాటం లోపం, బృహద్ధమని సన్నబడటం కూడా ఈ జాతిలో కనిపిస్తాయి. టీకాకు వెళ్ళినప్పుడల్లా స్టెతస్కోప్‌తో ఒక నిమిషం పాటు గుండె వినమని డాక్టర్‌ను అడగండి. మర్మర్, అంటే గుండె చప్పుడుతో పాటు బుస్సుమనే శబ్దం వినపడితే ఎకో (గుండె స్కాన్) తీయించాలి.

పిల్ల పాదాలు ఇప్పుడే ఒకసారి చూడండి. వేళ్ళు విడివిడిగా పరుచుకుపోయి, మెత్తల మీద పగుళ్ళు, మూతి చుట్టూ పెచ్చులు, తోటి పిల్లలకన్నా బాగా చిన్న ఒళ్ళు ఉంటే వెంటనే చూపించాలి. లీథల్ అక్రోడెర్మటైటిస్ అనే జన్యు జబ్బు ఈ జాతికే ప్రత్యేకం. దానికి మందు లేదు, జింక్ మాత్రలు వేసినా తగ్గదు.

టీకాల సంగతి మీ డాక్టర్ మొదలుపెట్టే ఉంటారు. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులను ఆపే మల్టీ టీకా మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాల వయసు దాటేదాకా వేయించాలి. ఒక డోసు ముందే ఆపేస్తే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వకుండా చేసి ఉండవచ్చు, అప్పుడు పిల్లకు ఏ రక్షణా లేనట్టే. పన్నెండు వారాలు నిండాక రేబిస్. మన వానాకాలానికి లెప్టో (ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్) టీకా తప్పనిసరి. పూర్తయ్యేదాకా అపార్ట్‌మెంట్ గార్డెన్ నేల మీద దింపకండి. అలాగని ఇంట్లోనే దాచకూడదు. చంకన వేసుకుని లిఫ్టు, వాచ్‌మన్, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, స్కూల్ బస్సు, పెళ్ళి బ్యాండు, అన్నీ చూపించండి. పద్నాలుగు వారాల లోపు చూసినవాటికి పెద్దయ్యాక అంతగా భయపడదు.

తిండి లెక్క. పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి. ప్రతి ఆదివారం ఇలా తూచి రాసి పెట్టుకోండి. పది కిలోల పిల్లకు నాలుగు నెలల వయసు దాకా రోజుకు సుమారు 1,100 నుంచి 1,200 కేలరీలు కావాలి. సంచి మీద 100 గ్రాములకు 380 కేలరీలు అని ఉన్న పప్పీ తిండి అయితే 300 గ్రాముల దాకా వస్తుంది. దాన్ని మూడు నాలుగు పూటలు చేయండి. నాలుగు నెలలు దాటాక కిలోకు కావాల్సిన కేలరీలు తగ్గుతూ వస్తాయి, ఆరు నెలల తర్వాత రెండు పూటలు చాలు. పెద్దయ్యాక 25 కిలోల కుక్కకు రోజుకు 1,250 కేలరీల చుట్టుపక్కల, అంటే పెద్ద కుక్కల డ్రై ఫుడ్ 350 గ్రాములు. శిక్షణలో ఇచ్చే ముక్కలు కూడా ఈ లెక్కలోనే, పదో వంతుకు మించకుండా. ఇవన్నీ మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. ఆ తర్వాత చెయ్యే చెబుతుంది. అరచెయ్యి బల్ల మీద చాపి, వేళ్ళ వెనక ఎముకల మీద ఇంకో చేతి వేలు జార్చి చూడండి. పక్కటెముకలు కూడా అలాగే తగలాలి. వెతికి నొక్కితేగానీ తగలకపోతే పదో వంతు తగ్గించండి. బుల్ టెర్రియర్ అంటే బొద్దుగా ఉండాలని కొందరు ఊబకాయం చేస్తారు. దీనికి అసలే మోకాలిచిప్ప జారే గుణం ఉంది, పైగా మన ఇళ్ళలో నున్నటి టైల్స్. ఆ రెండూ కలిస్తే కాళ్ళు పోతాయి. పిల్ల పరుగెత్తే చోట రబ్బరు మ్యాట్లు పరవండి, సోఫా మీది నుంచి దూకనివ్వకండి.

చాలా ఇళ్ళలో పెట్టే అన్నం, ఉడికించిన చికెన్, పెరుగు మీద ఒక మాట. పెరిగే పిల్లకు వెయ్యి కేలరీల తిండిలో దాదాపు మూడు గ్రాముల కాల్షియం ఉండాలి. అన్నం, మాంసంలో అందులో పదో వంతు కూడా ఉండదు. రాగిజావ పోస్తున్నాం కదా అంటారు. వంద గ్రాముల రాగిపిండిలో ఉన్నది సుమారు 350 మిల్లీగ్రాములే. అలాగని పప్పీ తిండి పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయడం ఇంకా పెద్ద తప్పు, ఎముకలు వంకర పోతాయి. పిల్ల ఏడాది నిండేదాకా మంచి కంపెనీ పప్పీ తిండే పెట్టి, అందులో ఒక ఉడికిన గుడ్డో, రెండు చెంచాల పెరుగో కలపడం క్షేమం.

నన్నడిగితే, బుల్ టెర్రియర్‌కు కుక్కల ఆసుపత్రిలో జరిగే ఆపరేషన్లలో ఎక్కువ భాగం తప్పించగలిగినవే. ఇది నోట్లో పట్టినదాన్ని నమలడంతో ఆగదు, మింగుతుంది. మన ఊళ్ళో మే నెల వస్తే మామిడి టెంక, వానాకాలంలో గింజలు ఒలిచేసిన మొక్కజొన్న బెండు, ఏడాది పొడవునా బాబు సాక్సు, బొమ్మలోని కీచుబుర్ర, కొబ్బరిపీచు, బిర్యానీ ఎముక. టెంక గొంతులో దిగి పొట్టలో రోజుల తరబడి ఉండి, ఒకనాడు చిన్నపేగులోకి జారి అక్కడ ఇరుక్కుంటుంది. అందుకే మింగినప్పుడు ఏమీ కాలేదని ఊరుకోకూడదు. గుర్తులు ఇలా ఉంటాయి: తిన్నది తిన్నట్టే వాంతి, తర్వాత తాగిన నీళ్ళు కూడా వాంతి, ముందు కాళ్ళు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి ఉండిపోవడం, విరేచనం కాకపోవడం. నీళ్ళు కూడా నిలవడం లేదంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. గుడ్డ, రబ్బరు, టెంక మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నా వాంతులు ఆగకపోతే అల్ట్రాసౌండ్ అడగండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు పోయకండి, ఉప్పు విషమవుతుంది. నోట్లోనో వెనకో దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు కోసుకుపోతుంది.

బిర్యానీలో ఎముకతో పాటు వేయించిన ఉల్లి కూడా ఉంటుంది. కుక్క బరువులో అర శాతం ఉల్లి, అంటే పది కిలోల పిల్లకు 50 గ్రాముల చిన్న ఉల్లిపాయ, ఒక్కసారే తింటే ఎర్రరక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. వేయిస్తే నీరు పోయి కొద్ది ముక్కల్లోనే అంత ఉల్లి పడుతుంది. నమలడానికి నల్ల రంగు గట్టి రబ్బరు బొమ్మలు, లోపల తిండి నింపేవి ఇవ్వండి. మీ బొటనవేలి గోరు నొక్కితే కొంచెమైనా దిగబడేంత మెత్తన ఉండాలి. అంతకన్నా గట్టివైన జింక కొమ్ములు, బర్రె ఎముకలు దవడ పళ్ళను చీలుస్తాయి.

ఇక ఎండ. ఇది చప్పిడిముక్కు కుక్క కాదు, కాబట్టి పగ్ అంత తొందరగా పడిపోదు. కానీ ఒంటి నిండా కండ, ఆ కండ పుట్టించే వేడి ఎక్కువ, పైగా ఆట మొదలుపెడితే తనంతట తాను ఆపదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపు, రాత్రి తొమ్మిది తర్వాతే బయటకు. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే పాదాలు కాలుతాయి. మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాన్ గాలి కుక్కకు పెద్దగా పనిచేయదు, దానికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పొట్ట, పాదాలు తడిపి ఫ్యాన్ కింద పడుకోబెడితే పనిచేస్తుంది. మన పొడి ఎండల్లో ఎయిర్ కూలర్ బాగానే ఆదుకుంటుంది. జూన్‌లో మబ్బు పట్టి ఉక్క మొదలయ్యాక అదే కూలర్ గాలి తేమను పెంచి ఇబ్బంది చేస్తుంది, అప్పుడు ఏసీ గాని, కిటికీలు తీసి ఎదురుగాలి గాని కావాలి.

వడదెబ్బ ఎలా ఉంటుందంటే, నాలుక పక్కలకు వెడల్పుగా పరుచుకుని ఇటుక రంగులోకి మారుతుంది, చొంగ జిగురుగా చిక్కబడుతుంది, నడక తూలుతుంది. థర్మామీటర్ వెనక పెట్టి చూస్తే 40.5 సెల్సియస్ దాటి ఉంటే అత్యవసరం. ముందు చల్లార్చాలి, తర్వాతే కారు ఎక్కించాలి. ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు కాగుతూ ఉంటాయి. బాత్రూమ్‌లో రెండు బకెట్ల నీళ్ళు పొద్దున్నే పట్టి నీడలో ఉంచుకోండి, లేదా తాగే నీళ్ళ క్యాన్ వంచేయండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది, కప్పకండి. 39.5కి దిగగానే పోయడం ఆపి, ఏసీ వేసిన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తేరుకుని తోక ఊపినా తీసుకెళ్ళాలి, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతిన్నది తర్వాతి రెండు రోజుల్లోగానీ బయటపడదు.

తెల్ల కుక్కకు ఇంకో బెడద ఉంది. వెల్లకిలా పడుకుని ఎండ కాచుకోవడం దీనికి మహా ఇష్టం. పొట్ట, గజ్జలు, చెవి అంచులు, ముక్కు పైభాగం గులాబీ చర్మం, వెంట్రుక పలుచన. మొదట ఎర్రబడి, తర్వాత గరుకు తేలి, ఏళ్ళ తరబడి అలాగే కాలితే క్యాన్సర్‌గా మారవచ్చు. పది నుంచి నాలుగు దాకా ఎండ పడే బాల్కనీ తలుపు మూసేయండి. మనం రాసుకునే సన్‌స్క్రీన్ వద్దు, అందులోని జింక్ ఆక్సైడ్ నాకితే విషం. పలుచటి కాటన్ బనియన్ తొడగడం సులువు.

చర్మం ఈ జాతికి మొదటి నుంచీ బలహీనమే. వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్, నెలకొక స్నానం చాలు. పాదాల తెల్ల వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయంటే అది మట్టి కాదు, లాలాజలం మరక. నాకుతోంది అంటే దురద ఉందని, దురద ఉందంటే చాలావరకు అలర్జీ. వానాకాలంలో వేళ్ళ సందుల్లో తడి నిలిచి ఈస్ట్ అనే బూజు పడుతుంది, పులిసిన పిండి వాసన వస్తుంది. బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ వేళ్ళ మధ్య పొడిగుడ్డతో తుడవాలి. పడిందనిపిస్తే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి పది నిమిషాలు గడియారం చూసి ఉంచి కడగాలి. రెండు నిమిషాలకే కడిగేసి మందు పనిచేయడం లేదంటారు.

గోమార్లు, అదే అందరూ టిక్స్ అనేవి, మన ఊళ్ళో ఏడాది పొడవునా ఉంటాయి. నాలుగో అంతస్తు కదా రావని అనుకోకండి, గోడ పాకి తలుపు చట్రాల్లో దాక్కుంటాయి. రోజూ చెవి లోపల, మెడపట్టీ కింద, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వేళ్ళతో తడమండి. కనపడితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేస్తే అది తన లాలాజలాన్ని లోపలికి కక్కుతుంది, జబ్బు ఎక్కేది దాంతోనే. నివారణకు నమిలే మాత్ర నెలకు ఒకటి, లేదా పన్నెండు వారాలకు ఒకటి, బరువును బట్టి డాక్టర్ ఇస్తారు. ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి, ఈ మాత్రలు మూర్ఛను రేపవచ్చు. గోమార్లతో వచ్చే ఎర్లికియాలో జ్వరం, తిండి మానడం, ముక్కు నుంచి రక్తం ఉంటాయి, పొట్ట మీద సూదితో పొడిచినట్టు ఎర్రచుక్కలు వస్తాయి. మీది తెల్ల పిల్ల కాబట్టి ఆ చుక్కలు తొందరగా కనపడతాయి, అదొక్కటే దీనికి కలిసొచ్చింది. ప్లేట్‌లెట్ కౌంట్ చేయించి, డాక్టర్ డాక్సీసైక్లిన్ 28 రోజులు రాస్తే 28 రోజులూ వేయాలి. వారానికే హుషారొచ్చిందని ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. మూత్రం కాఫీ రంగులో, చిగుళ్ళు పాలిపోయి ఉంటే గోమార్ల వల్లే వచ్చే ఇంకో జబ్బు బాబీసియా కావచ్చు, దాని మందు వేరు.

నడిపించడంలో ఈ జాతికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కోడిగుడ్డు లాంటి తల, దానికన్నా లావు మెడ. మామూలు మెడపట్టీ ఎంత బిగించినా, వెనక్కి అడుగేసి తల వంచిందంటే ఊడి వస్తుంది. లాగినప్పుడు కొంతే బిగుసుకునే మార్టింగేల్ పట్టీ, ఒకటిన్నర అంగుళం వెడల్పుది వాడండి. లేదా ఛాతీ మీద వై ఆకారంలో వచ్చే హార్నెస్ వేసి, లీష్‌ను రెండింటికీ కలిపి తగిలించండి. ఐదారు అడుగుల లీష్ చాలు. సాగే తాడు లీష్ వద్దే వద్దు. పిల్లగా ఉన్నప్పుడు నెల వయసుకు ఐదు నిమిషాల చొప్పున నడక. ఏడాదిన్నర దాటాక రోజుకు గంట, రెండు విడతలుగా.

వీధికుక్కలు చుట్టుముడతాయి, ఇది తప్పదు. తిండి వేసే చోట్ల మీదుగా వెళ్ళకండి. గొడుగు పట్టుకెళ్ళి, అవి దగ్గరికొస్తే మధ్యలో టక్కున తెరవండి. మీ పిల్లను ఎత్తుకోకండి, అవి ఎగబడతాయి. ఒకటిన్నర, రెండేళ్ళ వయసు వచ్చేసరికి మగ బుల్ టెర్రియర్ వేరే మగకుక్కను సహించకపోవడం మామూలే, అందుకే కొండాపూర్‌లో ఉన్నలాంటి డాగ్ పార్కులకు దీన్ని లీష్ లేకుండా తీసుకెళ్ళవద్దు. పట్టు పట్టిందంటే రెండు కుక్కలనూ విడదీసి లాగకండి, చీరుకుపోతుంది. మీ కుక్క పట్టీని వెనక నుంచి గట్టిగా పట్టి, పైకి కొద్దిగా ఎత్తి కదలకుండా ఉంచండి. ఊపిరి కోసం పట్టు సడలించిన క్షణంలో వెనక్కి లాగండి.

బాబు విషయం. ఈ జాతి మనుషులతో ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. అయినా పాతిక కిలోల కండ పరుగెత్తుకొచ్చి మోకాళ్ళకు తగిలితే ఆరేళ్ళవాడు పడిపోతాడు. పెద్దవాళ్ళు లేకుండా ఇద్దరినీ ఒక గదిలో వదలకండి. తింటున్నప్పుడు, నమిలే బొమ్మ దగ్గర ఉన్నప్పుడు మధ్యలో గేటు ఉండాలి. నోట్లో ఏదైనా పట్టుకుంటే లాక్కోవద్దు, ఇంకా మంచి ముక్క చూపించి వదిలించాలి. లాక్కునే ఇంట్లో పెరిగిన కుక్కే గుర్రుమనడం నేర్చుకుంటుంది. పళ్ళు మారే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చేతులు కొరుకుతుంది. అరవకుండా, కొట్టకుండా, ఆట ఆపి లేచి వెళ్ళిపోండి. కొడితే ఈ కుక్కకు నొప్పి అర్థం కాదు, ఆట అనుకుంటుంది. శిక్షణ మూడు నిమిషాల చొప్పున రోజుకు ఐదారుసార్లు, తిండికి ముందు ఆకలి మీద ఉన్నప్పుడు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఆరు నెలలు దాటాక కొన్ని బుల్ టెర్రియర్లు తోక వెంట తిరగడం మొదలుపెడతాయి. ఇంట్లో ఇటూ అటూ పిచ్చిపరుగు తీసి రెండు నిమిషాల్లో దబ్బున పడుకుంటే అది ఆట. ఆరేసిన చీర కిందో, కుండీలో మొక్క ఆకుల కిందో వీపుకు తగిలేలా నిద్రలో నడిచినట్టు మెల్లగా నడిస్తే అదీ ఈ జాతికి మామూలే, పిలిస్తే తేరుకుంటుంది. జబ్బు వేరేలా ఉంటుంది. నిలబడి తన తోక వైపు, తొడ వైపు కదలకుండా చూస్తుంది. కనుపాపలు పెద్దవవుతాయి. ఒక చుట్టు మెల్లగా, తర్వాత వేగంగా, ఒకే దిక్కుగా. పేరు పిలిచినా, ముక్కు ముందు చికెన్ పెట్టినా ఆగదు. అది కనపడగానే నవ్వి వీడియో కోసం ప్రోత్సహించకండి. వీడియో తీయండి, డాక్టర్ కోసం. ఆసన గ్రంథులు నిండి ఉన్నాయా, చర్మం దురదా, మూర్ఛ లాంటిదా అని చూసి, అవేవీ కావంటే ఫ్లూయాక్సెటిన్ లాంటి మందుతో పాటు రోజు పని మార్చమంటారు. మొదటి నెలలో పట్టుకుంటే చాలావరకు దారికి తేవచ్చు. ఏడాది వదిలేస్తే తోక పుండుపడి తీసేయాల్సి వస్తుంది, తోక తీసినా తిరగడం ఆగదు. బాల్కనీలో రోజంతా బంధించడం, లేజర్ లైటుతో ఆడించడం దీనికి దారితీసేవి. తిండిలో సగం గిన్నెలో కాకుండా బొమ్మల్లో, మ్యాట్ మడతల్లో దాచి వెతికించండి. ముక్కుతో పదిహేను నిమిషాలు వెతికినా బాగానే అలుపొస్తుంది.

చివరిగా అసోసియేషన్. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ కొన్ని జాతులను అమ్మవద్దు, పెంచవద్దు అని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, రాట్‌వైలర్ వంటివి ఉన్నాయి. ఆ లేఖను 2024 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. బుల్ టెర్రియర్ వేరు, పిట్‌బుల్ వేరు, అయితే లిఫ్టులో చూసినవాళ్ళకు ఆ తేడా తెలియదు. అందుకని వాదన కన్నా కాగితం మేలు. మునిసిపల్ కార్పొరేషన్ వెటర్నరీ విభాగంలో పెంపుడు కుక్క రిజిస్ట్రేషన్, రేబిస్ టీకా కార్డు, మైక్రోచిప్ నంబరు, జాతి పేరు ఉన్న కెన్నెల్ క్లబ్ పత్రం, నాలుగింటి నకళ్ళు సెక్రటరీకి ఇచ్చి రసీదు తీసుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి రిజిస్ట్రేషన్ రోజునే ఇప్పటి పరిస్థితి ఆ విభాగాన్నే అడగండి. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్లు పెంపుడు జంతువులను నిషేధించలేవు, లిఫ్టు వాడొద్దని కూడా అనలేవు. అదే సమయంలో, మీ నిర్లక్ష్యం వల్ల కుక్క మనిషికి హాని చేస్తే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతి లిఫ్టుకు ఆగండి. మీరు ఎక్కాక పిల్లను మూలన గోడవైపు కూర్చోబెట్టి, మీరు దానికీ తలుపుకీ మధ్య నిలబడండి. ఇప్పుడు పదకొండు వారాల వయసులో మొదలుపెడితే మీసాలు వచ్చిన మగకుక్క అయ్యేసరికి తలుపు తెరుచుకున్నా లేవకుండా మీ మాట కోసం ఆగుతుంది.